బంగినపల్లి టెంక నాటితే బంగినపల్లే కాస్తుందా? గింజ మొక్కకూ అంటు మొక్కకూ ఉన్న అసలు తేడా

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. పెరట్లో పాతిన బంగినపల్లి టెంక మొలిచి మోకాలెత్తు పెరిగింది, అది అదే కాయ కాస్తుందా అన్నది మొదటిది. అరటి, చెరకు, పసుపు వంటివి పిలకతోనో ముక్కతోనో దుంపతోనో అచ్చం తల్లిలాగే వస్తున్నప్పుడు పువ్వు, పుప్పొడి, ఫలదీకరణ, గింజ అనే ఇంత తతంగం ప్రకృతికి ఎందుకని పదో తరగతి చదువుతున్న మీ అమ్మాయి అడిగిన సందేహం రెండవది. హైబ్రిడ్ విత్తనం ఏటా డబ్బు పెట్టి కొనవలసిందేనా, పండిన పంటలోంచి గింజ దాచుకోకూడదా అన్నది మూడవది. వృక్షశాస్త్రం చదువుకుని, చాలా ఏళ్ళుగా పండ్ల మొక్కల నర్సరీ పనిలోనూ తోటలకు సలహాలివ్వడంలోనూ ఉన్నవాడిగా మూడింటికీ వరుసగా జవాబు చెబుతాను. మూడింటి వెనుకా ఉన్న జీవశాస్త్రం ఒక్కటే.

ముందు సూటి జవాబు. ఆ మొక్క మామిడి కాయలు కాస్తుంది గాని అవి బంగినపల్లి కాయలు కావు. గింజ నుంచి వచ్చేది ఆ చెట్టుకు బిడ్డ. అంటు నుంచి వచ్చేది మరో వేరు మీద పెరుగుతున్న అదే చెట్టు. బంగినపల్లి అనే రకం కూడా ఎన్నడో ఒకనాడు గింజ నుంచి మొలిచిన చెట్టే. దాని కాయ బాగుందని ఎవరో గుర్తించి కొమ్మ తెచ్చి అంటు కట్టారు, ఆ అంటు నుంచి మరో అంటు, దాని నుంచి ఇంకొకటి, అలా ఈ రోజు మన తోటల దాకా వచ్చింది. మధ్యలో ఎక్కడ గింజ జొరబడినా అక్కడితో ఆ గొలుసు తెగిపోతుంది.

ఎందుకు తెగిపోతుందో చెబుతాను. మామిడి కణంలో 40 క్రోమోజోములు ఉంటాయి, అంటే 20 జతలు. పుప్పొడి రేణువుకు, అండానికి దారితీసే క్షయకరణ విభజనలో ఒక్కో జత నుంచి ఏదో ఒకటి మాత్రమే సంయోగబీజంలోకి వెళుతుంది. ఒక జత నుంచి ఏది వెళ్ళిందన్నదానికి మరో జతతో సంబంధం ఉండదు కనుక, ఈ పంపకం ఒక్కదాని వల్లనే ఒకే చెట్టు 10,48,576 రకాల అండాలను తయారు చేయగలదు. విడిపోయే ముందు జతలోని రెండు క్రోమోజోములూ దగ్గరగా చేరి ముక్కలు మార్చుకుంటాయి కనుక నిజమైన సంఖ్య దీనికి అందనంత పెద్దది. ఇటువంటి అండానికి, అంతే వైవిధ్యం ఉన్న పుప్పొడి తోడైనప్పుడు పుట్టే గింజ తల్లికి నకలుగా రావడమనేది ఆచరణలో జరగని పని.

పైగా ఆ పుప్పొడి ఏ చెట్టుదో మీకు తెలియదు. మామిడి పూగుత్తిలో మగపూలు, ద్విలింగ పూలు కలిసే ఉంటాయి, ఈగలు, ఇతర చిన్న కీటకాలు వాటి మధ్య తిరుగుతాయి, మీ చెట్టు కాయకు తండ్రి పక్కింటి తోతాపురి కావచ్చు, గట్టు మీది నాటు చెట్టు కావచ్చు. సంచి కట్టి దాని పుప్పొడితో దానినే ఫలదీకరింపజేసినా బంగినపల్లి రాదు, ఎందుకంటే ఆ చెట్టు క్రోమోజోముల జతలలోని రెండేసి ప్రతులు ఒకదానికొకటి సమానం కావు. వాటిని విడదీసి మళ్ళీ కలిపిన ప్రతిసారీ కొత్త కలయికే వస్తుంది.

నూజివీడు వైపు ఒక రైతు పొలం గట్టున, ఆయన తండ్రి ఒకే మంచి చెట్టు టెంకలు ఏరి నాటిన వరుస ఒకటి ఉంది. నేను చూసేనాటికి అవన్నీ పెద్ద చెట్లు. ఒకటి ముందుగా పూస్తుంది, దాని పక్కది అన్ని చెట్లూ ముగిశాక పండుతుంది. ఒకదాని కాయలో పీచు తప్ప గుజ్జు లేదు, ఇంకొకటి పండినా పులుపు వదలదు. వరుస చివరి చెట్టు కాయ మాత్రం ఆవకాయకు చక్కగా సరిపోయే గట్టి కండతో ఉండి, ఊళ్ళో అందరూ దానికోసమే వచ్చేవారు. తల్లి ఒక్కటే అయినా ఏ రెండు చెట్లూ ఒకలా లేకపోవడం పుస్తకంలో చదవడం వేరు, ఆ వరుస వెంట నడుస్తూ కాయ కోసి రుచి చూడడం వేరు.

ఇక్కడ చాలామంది అడిగే మరో మాటకు జవాబు చెప్పాలి. పక్కన నాటు చెట్టు ఉంటే మన బంగినపల్లి కాయ రుచి చెడుతుందా? చెడదు. మనం తినే మామిడి గుజ్జు తల్లి పువ్వులోని అండాశయం గోడ నుంచి ఏర్పడుతుంది, అది పూర్తిగా తల్లి కణజాలం. తండ్రి వాటా టెంక లోపలి జీడిలోని పిండానికే పరిమితం. అయితే అన్ని పంటలకూ ఈ మాట వర్తించదు. మొక్కజొన్నలో మనం తినేది గింజనే, అందులో ఎక్కువ భాగం అంకురచ్ఛదం, అంటే మొలకకు ఆహారంగా నిల్వ ఉండే పిండి భాగం, దానిలో తండ్రి పుప్పొడికీ వాటా ఉంది. అందుకే తెల్ల మొక్కజొన్న పక్కన పసుపు రకం వేస్తే అదే ఏడాది తెల్ల కంకిలో అక్కడక్కడ పసుపు గింజలు కనిపిస్తాయి. అటువంటి కంకి దొరికితే మీ అమ్మాయికి చూపించండి: ఒకే కంకి మీద ఒక్కో గింజ విడి బిడ్డ అనీ, ఒక్కో పీచు పోగు గుండా ఒక్కో పుప్పొడి నాళం వెళ్ళిందనీ ఒక్క చూపులో అర్థమవుతుంది.

అన్ని గింజలూ లైంగిక ప్రత్యుత్పత్తి వల్లనే రావు. పాఠశాలలో గింజ అంటే లైంగికం, కొమ్మ, పిలక, దుంప అంటే అలైంగికం అని గీత గీసినట్టు నేర్చుకుంటాము, కాని ఆ గీత దాటిన మొక్కలు మన కళ్ళ ముందే ఉన్నాయి. నిమ్మ గింజను నానబెట్టి పై పొర తీసి చూడండి, లోపల బీజదళాలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని రెండు మూడు పిండాలు కనిపిస్తాయి. వాటిలో ఒకటి ఫలదీకరణ వల్ల పుట్టినది కావచ్చు. మిగిలినవి అండం చుట్టూ ఉన్న తల్లి కణజాలం నుంచే, పుప్పొడి జన్యువులు ఏమాత్రం కలవకుండా మొలిచినవి. వాటి నుంచి వచ్చే మొక్కలు తల్లికి నకళ్ళు. గూడూరు, పొదలకూరు ప్రాంతాలలో రైతులు నిమ్మను గింజ మొక్కలతోనే నాటుకుంటూ వచ్చినా తోట ఒకే తీరుగా ఉండడానికి కారణం ఇదే. నారుమడిలో మిగతా వాటికంటే మరీ భిన్నంగా, బలహీనంగా కనిపించే మొక్కలను ఏరి పారేయమని చెప్పేదీ ఇందుకే, అవి చాలావరకు ఫలదీకరణ సంతానం. బత్తాయి గింజలోనూ ఈ గుణం ఉంది, అయినా దానిని రంగపూర్ నిమ్మ మీద మొగ్గ అంటు కడతారు, ఎందుకంటే గింజ మొక్క ఎవరి నకలైనా సరే మళ్ళీ బాల్యదశ నుంచి మొదలుపెట్టి, ముళ్ళు ఎక్కువగా వేసుకుని, ఆలస్యంగా కాపుకు వస్తుంది.

మామిడిలోనూ ఇటువంటి రకాలున్నాయి. పశ్చిమ తీరానికి చెందిన ఒలూర్, చంద్రకారన్, వెల్లైకొలంబన్ వంటివి బహుపిండ రకాలు, వాటి ఒక్క టెంక నుంచి నాలుగైదు మొలకలు కూడా వస్తాయి. మన బంగినపల్లి, తోతాపురి, నీలం వంటి రకాల జీడిలో పిండం ఒక్కటే, అది ఫలదీకరణ వల్ల పుట్టినదే. కేరళలోనో ఆగ్నేయాసియాలోనో ఉన్న మీ బంధువులు టెంక నాటి అచ్చం అదే పండు తిన్నామని చెబితే అది అబద్ధం కాదు, వారి రకం వేరు.

మరి మొలిచిన మొక్కను ఏం చేయాలి? పీకవద్దు. దానిని వేరు మొక్కగా, అంటే పైన మంచి రకం కొమ్మను అతికించడానికి వేరునిచ్చే కింది మొక్కగా వాడుకోండి. కాండం పెన్సిలంత మందం అయ్యాక, వానలు పడి గాలిలో తేమ ఉన్న నెలలలో, మంచి కాపు ఉన్న బంగినపల్లి చెట్టు నుంచి మూడు నాలుగు నెలల వయసున్న, అంతే మందం గల కొమ్మ చివరను ఎంచుకోవాలి. కోయడానికి వారం పది రోజుల ముందు ఆ కొమ్మ ఆకులను తొడిమ ఉంచి కత్తిరిస్తే చివరి మొగ్గ ఉబ్బి సిద్ధంగా ఉంటుంది. వేరు మొక్క తల తీసి నిలువునా చీలిక పెట్టి, కొమ్మ అడుగును రెండు వైపులా చెక్కి అందులో దించి, కనీసం ఒక పక్కనైనా బెరడుకు బెరడు ఆనేటట్లు చూసి, పాలిథిన్ పట్టీతో బిగించి, పైన చిన్న పాలిథిన్ సంచి తొడగాలి. బెరడు కింద ఉండే పలుచని విభాజ్య కణజాలం రెండు వైపుల నుంచీ పెరిగి కలిస్తేనే అంటు అతుకుతుంది. గింజ మొక్కగానే వదిలేస్తే ఆరు నుంచి పది సంవత్సరాలు పట్టే కాపు, అంటు కడితే మూడు నాలుగు ఏళ్ళలో మొదలవుతుంది, ఎందుకంటే మీరు అతికించిన కొమ్మ ఇదివరకే పెద్దదైన చెట్టులోని భాగం.

ఒక్క జాగ్రత్త తప్పనిసరి. అతుకు కింద వచ్చే ప్రతి చిగురునూ గిల్లేయండి. అంటు మొక్క కొన్నాము, నాటు కాయలు కాస్తోంది, నర్సరీ వారు మోసం చేశారని నా దగ్గరకు వచ్చిన ఫిర్యాదులలో చాలా వాటికి వెళ్ళి చూస్తే, పైకొమ్మ ఎప్పుడో ఎండిపోయి, కింది వేరు మొక్క చిగురే చెట్టయి నిలబడి ఉంది. అంటులో రెండు ప్రాణులు కలిసి బతుకుతాయే గాని వాటి జన్యువులు కలిసిపోవు.

ఇక మీ అమ్మాయి ప్రశ్న. నాకు ఇది అన్నిటికంటే పెద్ద ప్రశ్నగా కనిపిస్తుంది, జీవశాస్త్రజ్ఞులు కూడా దీనిని తేలిగ్గా తీసుకోలేదు. తల్లిలాంటి బిడ్డ కావాలంటే అలైంగిక మార్గమే దగ్గరి దారి, జత వెతుక్కునే పని లేదు, పుప్పొడిలో నూటికి తొంభై తొమ్మిది వంతులు వృథా కావడమూ ఉండదు. ఆడ, మగ విడిగా ఉండే జాతులలో మరో నష్టం కూడా ఉందని బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జాన్ మేనార్డ్ స్మిత్ 1970లలో లెక్క కట్టి చూపాడు: సంతానంలో సగం మగవి అయినప్పుడు అవి స్వయంగా పిల్లలను కనవు కనుక, ఆడవి మాత్రమే పుట్టే జాతి ప్రతి తరంలోనూ రెట్టింపు వేగంతో పెరగాలి. అంత నష్టాన్ని భరించి కూడా లోకంలోని జంతువులు, మొక్కలలో అత్యధికం లైంగిక ప్రత్యుత్పత్తినే అంటిపెట్టుకుని ఉన్నాయంటే దానికి అంతకు మించిన లాభం ఉండాలి.

ఆ లాభం ఏమిటో అరటి తోటలో చూడవచ్చు. అడవి అరటి కాయలో మిరియాలంత గట్టి గింజలు నిండి ఉంటాయి. మనం పెంచే చాలా రకాలు త్రయస్థితికాలు, అంటే 11 క్రోమోజోముల సమితులు మూడు, మొత్తం 33. మూడింటిని రెండుగా సమానంగా పంచడం కుదరదు కనుక క్షయకరణ విభజన గాడి తప్పి, పనికివచ్చే పుప్పొడి గాని అండం గాని దాదాపుగా తయారు కావు. అయినా ఫలదీకరణ లేకుండానే కాయ కండ పట్టే గుణం ఉండడం వల్ల మనకు పండు దొరుకుతోంది. పండును అడ్డంగా కోస్తే మధ్యలో కనిపించే నల్లని చుక్కలు గింజలుగా ఎదగలేకపోయిన అండాలు. అందువల్ల అరటికి మిగిలిన దారి పిలకే, తోటలోని ప్రతి చెట్టూ జన్యుపరంగా ఒకే చెట్టు.

ఇరవయ్యవ శతాబ్దం మొదటి సగంలో ప్రపంచ ఎగుమతి మార్కెట్టును ఏలిన గ్రోస్ మిషెల్ అనే రకానికి ఈ ఒకేతనమే మరణశాసనమైంది. నేలలో ఉండే ఫ్యుజేరియం బూజు వల్ల వచ్చే పనామా తెగులు మధ్య అమెరికా తోటలను ఒకదాని వెంట ఒకటి తుడిచిపెట్టగా, 1960ల నాటికి కంపెనీలు ఆ రకాన్ని వదిలి కావెండిష్ వైపు మళ్ళాయి. మనం ఇప్పుడు విరివిగా చూసే గ్రాండ్ నైన్ కూడా కావెండిష్ కుటుంబంలోనిదే. ఆ బూజులోనే టీఆర్‌-4 అనే కొత్త తెగ ఇప్పుడు కావెండిష్‌నూ చంపుతోంది, మన దేశంలో బీహార్, ఉత్తరప్రదేశ్ తోటలలో అది ఇప్పటికే కనిపించింది.

పనామా తెగులు పాత తెగ మన దగ్గర కొత్తేమీ కాదు, అమృతపాణి దానికి ఇట్టే లొంగిపోతుంది. గోదావరి లంకలలో ఆ తెగులు పట్టిన ఒక అమృతపాణి తోటను దగ్గర నుంచి చూశాను. ముందు అడుగు ఆకుల అంచులు పసుపెక్కి, తర్వాత ఆకు తొడిమ దగ్గర విరిగి కాండం చుట్టూ వేలాడతాయి. కాండం అడుగున నిలువుగా పగుళ్ళు వస్తాయి. దుంపను అడ్డంగా కోస్తే తెల్లని కండలో ఎర్ర గోధుమ రంగు చారలు, చుక్కలు కనిపిస్తాయి. ఒక మొక్కలో దారి కనుక్కున్న బూజుకు పక్క మొక్కలో కొత్తగా వెతుక్కోవలసినదేమీ లేదు, తాళం ఒక్కటే కనుక దొరికిన తాళం చెవితో అన్ని తలుపులూ తెరుచుకుంటాయి. గట్టు అవతల అదే నేలలో ఉన్న కర్పూర చక్కెరకేళి మాత్రం పచ్చగా నిలబడింది, అది మరో జన్యుకూర్పు. ఐర్లండ్‌లో 1845 నుంచి ఆలుగడ్డ పంట మీద పడిన మాడు తెగులు పది లక్షల మంది ప్రాణాలు తీసిన కరవుగా మారడానికి ఎన్నో రాజకీయ, ఆర్థిక కారణాలున్నాయి గాని, జీవశాస్త్ర కారణం మాత్రం ఇదే: పేదలు ఎక్కువగా లంపర్ అనే ఒక్క రకాన్ని దుంపతో దుంపగా నాటుకుంటూ వచ్చారు.

రోగకారక జీవులు వేగంగా మారతాయి, చెట్టు మెల్లగా పెరుగుతుంది. లైంగిక ప్రత్యుత్పత్తి వల్ల ప్రతి తరంలోనూ కొత్త కలయికలు వస్తే, నిన్నటి తరాన్ని జయించిన పరాన్నజీవికి నేటి తరంలో అందరూ లొంగరు. ఇది ఊహ మాత్రమే కాదు. న్యూజిలాండ్ సరస్సులలో ఒక చిన్న మంచినీటి నత్త జాతి ఉంది, అందులో మగవాటితో జతకట్టే తెగలూ, జతకట్టకుండానే పిల్లలను కనే ఆడ తెగలూ పక్కపక్కనే బతుకుతాయి. కర్టిస్ లైవ్లీ అనే శాస్త్రజ్ఞుడు 1987లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, పరాన్నజీవి పురుగుల బెడద ఎక్కువగా ఉన్న చోట్ల జతకట్టే నత్తల వాటా ఎక్కువ. రెండవ లాభం నెమ్మదిగా కనబడేది. అలైంగిక వంశంలో ఒకసారి చేరిన హానికరమైన ఉత్పరివర్తనం, అంటే జన్యువులో వచ్చిన మార్పు, వెనక్కి పోయే దారి లేక తరతరానికీ పేరుకుంటుంది. లైంగిక ప్రత్యుత్పత్తిలో మాత్రం కొందరు బిడ్డలకు ఆ లోపం చేరకుండా జన్యువులు విడిపోయే అవకాశం ఉంది. ఈ సంగతిని జన్యుశాస్త్రజ్ఞుడు హెర్మన్ ముల్లర్ 1964లో స్పష్టంగా వివరించాడు.

దీన్నిబట్టి అలైంగిక మార్గం ఎందుకూ కొరగానిదని అనుకోవద్దు. రెండు మార్గాలనూ సందర్భాన్ని బట్టి వాడుకునే జీవులు చాలా ఉన్నాయి, వాటిలో పేనుబంక మన పొలంలోనే దొరుకుతుంది. చిక్కుడు తీగ చివర గుంపుగా పట్టిన పేనుబంకను భూతద్దం కింద కొంతసేపు ఓపికగా చూస్తే, రెక్కలు లేని తల్లి పురుగు వెనుక నుంచి సజీవమైన పిల్ల, కాళ్ళు ముడుచుకుని, మెల్లగా బయటకు రావడం కనిపిస్తుంది. ఆ తల్లి ఏ మగదానితోనూ కలవలేదు. పుట్టబోయే పిల్ల కడుపులోనే దాని పిల్లలు అప్పటికే రూపుదిద్దుకోవడం మొదలై ఉంటుంది. వారంలో తీగంతా నల్లబడిపోవడానికి కారణం అదే. ఆహారం పుష్కలంగా, వాతావరణం అనుకూలంగా ఉన్నంతకాలం నకళ్ళు తీయడమే లాభం. చలి దేశాలలో శరదృతువు వచ్చేసరికి అవే జాతులు మగ, ఆడ పురుగులను పుట్టించి, జతకట్టి, చలికాలాన్ని తట్టుకునే గుడ్లు పెడతాయి. చలి అంతగా లేని మన ప్రాంతాలలో చాలా జాతులు ఏడాది పొడవునా ఆడవాటితోనే గడిపేస్తాయి.

మనిషి వ్యవసాయంలో చేసినది కూడా సరిగ్గా ఇదే, దానికి చెరకును మించిన ఉదాహరణ నాకు కనిపించదు. చెరకును ముచ్చెలతో, అంటే కణుపుల ముక్కలతో నాటుతాము, అది పూర్తిగా అలైంగిక పద్ధతి. లావుగా, రసభరితంగా ఉండే పాత చెరకు రకాలు మన ఉత్తరాది చలికి, తెగుళ్ళకు తట్టుకోలేకపోయేవి. 1912లో ఏర్పడిన కోయంబత్తూరు చెరకు ప్రజనన కేంద్రంలో బార్బర్, ఆయన తర్వాత టి.ఎస్. వెంకట్రామన్, ఆ చెరకును మన ఏటి ఒడ్డున పెరిగే రెల్లు గడ్డితో సంకరపరిచారు. చెరకు పూత బాగా వచ్చి గింజ కట్టే వాతావరణం ఉండడం కోయంబత్తూరును ఎంచుకోవడానికి ఒక కారణం. ఆ సంకరం నుంచి 1918లో కో-205 వచ్చింది, తీపి పాత చెరకు నుంచి, మొండితనం రెల్లు గడ్డి నుంచి దానికి దక్కాయి. వేలాది గింజ మొక్కలలో పనికివచ్చినది ఒక్కటి దొరికాక, దానిని మళ్ళీ గింజతో పెంచలేదు, ముచ్చెలతోనే దేశమంతా నాటారు. మామిడిలో సంగారెడ్డి కేంద్రం నుంచి వచ్చిన మంజీర రుమాని, నీలం సంకరం; అదీ ఒక గింజ మొక్కగా పుట్టి, నచ్చిన తర్వాత అంట్లతోనే వ్యాపించింది. కొత్తది కావాలంటే గింజ, ఉన్నది ఉన్నట్టు కావాలంటే కొమ్మ. ఇందుకే పొలం గట్ల మీది నాటు మామిళ్ళను కలపకు కొట్టేస్తుంటే నాకు బాధ కలుగుతుంది. మన అంట్ల తోటలలో లేని జన్యువులు ఆ చెట్లలో ఉన్నాయి, రేపటి తెగులుకు తట్టుకునే గుణం వాటిలో దేనిలో ఉందో కొట్టేశాక తెలుసుకునే వీలు లేదు.

అలైంగిక వంశంలో మార్పే రాదా అని కూడా మీ అమ్మాయి అడగవచ్చు. వస్తుంది, కాని అరుదుగా, ఒక మొగ్గలోని కణంలో ఉత్పరివర్తనం జరిగినప్పుడు. ఎర్ర అరటి తోటలో అప్పుడప్పుడు ఒక పిలక ఆకుపచ్చ కాయల గెల వేయడం ఇటువంటిదే. ఆ మార్పు ఒక్కొక్కటిగా వస్తుందే తప్ప రెండు వంశాలలోని మంచి గుణాలు ఒక చోట చేరడం పిలకలతో సాధ్యం కాదు.

మూడవ ప్రశ్న హైబ్రిడ్ విత్తనం గురించి. ఒక్కో జతలోని రెండు ప్రతులూ సమానమయ్యే దాకా స్వపరాగ సంపర్కంతో, అంటే తన పుప్పొడితో తననే ఫలదీకరింపజేస్తూ, పెంచిన రెండు వంశాలను సంకరపరిస్తే వచ్చే మొదటి తరమే మీరు పొట్లంలో కొనే ఎఫ్‌-1 హైబ్రిడ్. అందులోని మొక్కలన్నీ ఒకలా ఉంటాయి, ఎందుకంటే ప్రతి గింజకూ తల్లి నుంచి ఒకే రకం సమితి, తండ్రి నుంచి ఒకే రకం సమితి అందాయి. కాని ఆ మొక్కలు తాము గింజ కట్టేటప్పుడు ఆ రెండు సమితులూ క్షయకరణ విభజనలో కలగలిసి విడిపోతాయి. ఖమ్మం వైపు ఒక రైతు హైబ్రిడ్ మిరప కాయల నుంచి గింజ తీసి మరుసటి ఏడాది నారు పోస్తే, చేనులో కొన్ని పొట్టి మొక్కలు, కొన్ని పొడవు, కాయ ఒక చోట లావు, ఒక చోట సన్నం, కోతకు రావడంలోనూ వారాల తేడా. విత్తనం చెడిపోలేదు, మొలక శాతం బాగానే ఉంది, విడిపోయినవి జన్యువులు.

హైబ్రిడ్ గింజనే నిమ్మ గింజలాగా నకళ్ళు ఇచ్చేటట్టు చేయగలిగితే రైతు ఏటా కొనవలసిన పని ఉండదు. గింజ ద్వారానే అలైంగికంగా పునరుత్పత్తి జరిగే ఈ పద్ధతిని అసంయోగ జననం అంటారు. దీని దిశగా జరిగిన ముఖ్యమైన పనులలో ఒకటి హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీలో జరిగింది: ఇమ్రాన్ సిద్దిఖీ బృందం 2008లో, ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ఒకే ఒక జన్యువు దెబ్బతింటే క్షయకరణ విభజన జరగకుండానే, తల్లి జన్యువులన్నీ ఉన్న అండాలు తయారవుతాయని చూపింది. 2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో వెంకటేశన్ సుందరేశన్ బృందం వరిలో ఫలదీకరణ లేకుండా పిండం ఏర్పడేటట్టు చేసి, కొంత శాతం గింజలు తల్లికి నకళ్ళుగా మొలవడం సాధించింది. పొలానికి చేరడానికి ఆ శాతం ఇంకా పెరగాలి, దిగుబడి తగ్గకూడదు.

అంతవరకు మీరు పాటించవలసినది ఇది. పొట్లం మీద హైబ్రిడ్ అనో ఎఫ్‌-1 అనో ఉంటే ఆ పంట గింజను విత్తనానికి దాచవద్దు. రకం అని ఉంటే దాచుకోవచ్చు. బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి, అదే బీపీటీ-5204, గింజతోనే పెరుగుతుంది, గింజ లైంగిక ప్రత్యుత్పత్తి వల్లనే ఏర్పడుతుంది, అయినా తరతరానికీ అలాగే వస్తుంది. వరి పువ్వు చాలావరకు తెరుచుకునేలోపే, లేదా తెరుచుకుంటూనే, తన పుప్పొడితోనే ఫలదీకరణ చెందుతుంది, దాని జతలలో రెండు ప్రతులూ ఇప్పటికే సమానం కనుక కలిపినా విడదీసినా కొత్తది రాదు. పూత దశలోనూ కోతకు ముందూ చేనులో దిగి, ఎత్తులోనూ కంకి రంగులోనూ తేడాగా ఉన్న కేళీలను వేళ్ళతో సహా పీకేసి, గట్ల అంచు వరుసలు వదిలి మధ్య భాగం నుంచి విత్తనం తీసుకోండి. మిరపలో, గుంటూరు దగ్గరి లాం ఫారం పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఎల్‌సీఏ-334 వంటి రకమైనా సరే, తేనెటీగల వల్ల కొంత మేర పరపరాగ సంపర్కం జరుగుతుంది, అంటే వేరే మొక్క పుప్పొడి వచ్చి చేరుతుంది. విత్తనానికి ఉంచే కొన్ని మొక్కలను ఇతర మిరప చేలకు దూరంగా వేసుకోండి, లేదా పూతకు ముందే వాటి మీద దోమతెర కప్పండి. మిరప తన పుప్పొడితోనూ కాయ కడుతుంది కనుక తెర లోపల కాపుకు లోటు ఉండదు.